మరో మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూ కోసం విమానం ఎక్కాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఎండీ, డీఓ (అక్కడ డాక్టరు కావడానికి చదివే రెండు రకాల డిగ్రీలు) సీట్లకు అప్లై చేసి, కొన్ని ఇంటర్వ్యూలు అయిపోయాక ఇంకో ఊరి నుంచి పిలుపు అందుకున్నవారి కోసం ఈ పేజీ. టికెట్ డబ్బులు పెట్టే అమ్మానాన్నలు కూడా చదవొచ్చు. ఉదాహరణ అని చెప్పిన చోట అంకెలు అంచనాలే. వాటి స్థానంలో మీ ఊరి ధరలు వేసుకోండి.

అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

"ఇక్కడ సీటిస్తే, ఇప్పుడు చేతిలో ఉన్న సీటు వదులుకుని చేరతానా?" అన్నది చూడాలి. చాలామంది "నాకు సీటొచ్చే అవకాశం ఎంత?" అన్న దగ్గర మొదలుపెడతారు. అది రెండో ప్రశ్న. వచ్చినా చేరని కాలేజీలో అవకాశం 80 శాతం ఉంటే మాత్రం ఏం లాభం?

జవాబు "చేరను" అయితే ప్రయాణం దండగ. "ఫీజు ఎంతో చూసి చేరతానేమో" అయితే కింద చెప్పిన లెక్కలు వేయండి. చేతిలో ఒక్క సీటూ లేదంటారా, అప్పుడు ఆలోచించేదేమీ లేదు, వెళ్లాల్సిందే.

మూడు ఇంటర్వ్యూలు ఇచ్చాను, ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. నాలుగోదానికి 800 డాలర్లు పెట్టాలా?

పెట్టాలి. ఎండీ కాలేజీలకు ఏటా 50 వేల మందికి పైగా అప్లై చేస్తే చేరేది సుమారు 23 వేల మంది. అంటే సగానికి పైగా ఎండీ సీటు లేకుండా మిగులుతారు. వాళ్లలో ఇంటర్వ్యూల దాకా వెళ్లినవాళ్లూ చాలామందే ఉంటారు.

ఒక్కో ఇంటర్వ్యూకి సీటొచ్చే అవకాశం 40 శాతం అనుకుందాం. ఒక్కటి ఇస్తే 40, రెండిస్తే 64, మూడిస్తే 78, నాలుగిస్తే 87, అయిదిస్తే 92 శాతం. మొదటి రెండు మూడింటికి వచ్చే లాభం పెద్దది, తర్వాత తగ్గుతూ పోతుంది. అయినా నాలుగో ఇంటర్వ్యూ ఏ సీటూ రాని ప్రమాదాన్ని 22 నుంచి 13కి దించుతుంది. ఆ ప్రమాదం ఖరీదు ఒక ఏడాది: మళ్లీ అప్లికేషన్ ఫీజులు, మళ్లీ సెకండరీలు (ఒక్కో కాలేజీ విడిగా అడిగే రెండో విడత అప్లికేషన్లు), డాక్టరుగా సంపాదించే ఏళ్లలో ఒకటి తగ్గడం. ఆ పోయే ఏడాది రెసిడెన్సీ (డిగ్రీ తర్వాత చేసే శిక్షణ) జీతానిది కాదు, కెరీర్ చివర్లో పూర్తి స్థాయి డాక్టరు జీతం తీసుకునే ఏడాది. ప్రమాదం తొమ్మిది శాతం తగ్గడానికి 800 డాలర్లు ఎక్కువేమీ కాదు.

అయితే ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. ప్రతి ఇంటర్వ్యూ విడివిడిగా వేసే బొమ్మా బొరుసూ కాదు. మీరు జవాబులు బట్టీ పట్టి అప్పజెబుతుంటే మూడు చోట్లా అదే జరుగుతుంది, నాలుగో చోటా అదే జరుగుతుంది. అందుకే నాలుగోదానికి టికెట్ కొనేముందు మీరు డిగ్రీ చదివిన కాలేజీలో మెడికల్ స్కూల్ అప్లికేషన్లకు సలహాలిచ్చే ప్రీమెడ్ అడ్వైజర్‌తో ఒక మాక్ ఇంటర్వ్యూ చేయించుకోండి. చాలాచోట్ల అది ఉచితం.

మన నీట్, ఎంసెట్‌లా మార్కులే సీటు తేలుస్తాయి కదా, ఇంటర్వ్యూ నామమాత్రమే కదా?

కాదు. ఎంక్యాట్ (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష), జీపీఏ (డిగ్రీ మార్కుల సగటు) మిమ్మల్ని ఇంటర్వ్యూ గది దాకా తీసుకొస్తాయి. పిలిచారంటే మీ మార్కులు వాళ్లకు సరిపోయాయనే అర్థం. ఆ తర్వాత తేల్చడంలో ఇంటర్వ్యూ బరువు చాలా ఎక్కువ. ఇండియాలో కౌన్సెలింగ్ చూసిన తల్లిదండ్రులకు ఇది మింగుడుపడదు.

నా అవకాశం ఎంతో ఏ అంకె చూసి చెప్పాలి?

అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ నడిపే ఎంఎస్ఏఆర్ అనే ఆన్‌లైన్ సమాచార పట్టిక చూడండి. కొద్దిపాటి చందా కడితే ప్రతి ఎండీ కాలేజీ ఎంతమందిని ఇంటర్వ్యూ చేసింది, ఎంతమంది చేరారు, అందులో సొంత రాష్ట్రంవాళ్లెందరు, బయటివాళ్లెందరు అన్నది తెలుస్తుంది. మీకు వర్తించే వరుసే చూడాలి. బయట రాష్ట్రం నుంచి వెళ్తూ మొత్తం అంకె చూసుకుని సంబరపడితే లాభం లేదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడ: చేరినవాళ్ల సంఖ్య వేరు, సీటు ఇచ్చినవాళ్ల సంఖ్య వేరు. ఉదాహరణకు 700 మందిని ఇంటర్వ్యూ చేసిన కాలేజీలో 150 మంది చేరారనుకోండి. పైకి 21 శాతం. కానీ సీటొచ్చినవాళ్లలో కొందరు వేరే చోటికి వెళ్లిపోతారు కాబట్టి 150 నింపడానికి 300 మందికి ఆఫర్ ఇచ్చి ఉండొచ్చు. అప్పుడు మీ అవకాశం 43 శాతం. సొంత రాష్ట్రంవాళ్లతో నిండే ప్రభుత్వ కాలేజీలో ఈ తేడా చిన్నది. అందరూ అప్లై చేసి, వేరే చోట వస్తే వదిలేసే ప్రైవేటు కాలేజీలో పెద్దది.

ఫిబ్రవరిలో పిలిచారు. ఈపాటికి సీట్లు అయిపోయి ఉండవా?

కాలేజీని బట్టి ఉంటుంది. ఎండీ కాలేజీలు అక్టోబర్ 15 నుంచి సీట్లు ఇవ్వొచ్చు. ఇంటర్వ్యూ చేసినవాళ్లను చేసినట్టే తేల్చుకుంటూ పోయే రోలింగ్ కాలేజీలో ఫిబ్రవరి పిలుపు చాలాసార్లు వెయిట్‌లిస్ట్‌కే దారి తీస్తుంది. హార్వర్డ్, యేల్ లాంటి చోట్ల అందరి నిర్ణయాలూ మార్చిలో ఒకేసారి వస్తాయి కాబట్టి అక్కడ సెప్టెంబర్‌లో వెళ్లినా జనవరిలో వెళ్లినా ఒకటే.

మీ కాలేజీ ఏ రకమో తెలియకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకు ఫోన్ చేసి "ఈ నెలలో ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లకు నేరుగా సీటు ఇచ్చే వీలుందా, వెయిట్‌లిస్ట్‌కేనా?" అని సూటిగా అడగండి. మర్యాదగా అడిగితే తప్పుపట్టరు. చాలామంది నిజమే చెబుతారు.

వెయిట్‌లిస్ట్ అయినా తీసిపారేయకండి. ఏప్రిల్ 15కి ఒక్కొక్కరు మూడు సీట్లకు మించి పట్టుకోకూడదు, ఏప్రిల్ 30కి ఒక్కటే ఉంచుకోవాలి. ఆ గడువు దాటగానే వదిలేసిన సీట్లు కదులుతాయి, క్లాసులు మొదలయ్యే జులై, ఆగస్టు దాకా కదులుతూనే ఉంటాయి. చేతిలో ఏమీ లేనివారికి ఆ కదలికే ఆధారం. సీటు ఉన్నవారు మాత్రం వెయిట్‌లిస్ట్ కోసం 900 డాలర్లు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

సొంత రాష్ట్రం కాలేజీలో సీటొచ్చింది. బయట ఒక పేరున్న ప్రైవేటు కాలేజీ పిలిచింది. వెళ్లాలా?

ఇక్కడ టికెట్ ధర అసలు విషయమే కాదు. నాలుగేళ్ల ఖర్చు మధ్య తేడా చూడాలి. బస, భోజనంతో కలిపి ప్రభుత్వ కాలేజీలో సొంత రాష్ట్రంవాళ్లకు నాలుగేళ్లకు రెండున్నర నుంచి మూడు లక్షల డాలర్లు, ప్రైవేటులో దాదాపు నాలుగు లక్షలు అవుతుంది. లక్ష డాలర్లు ఎక్కువ కట్టి ఆ పేరు కోసం వెళ్లగలరా? వెళ్లలేమని ఇంట్లో ముందే అనుకుని ఉంటే 700 డాలర్లు పెట్టి ఆ పేరు చూసి రావడం ఎందుకు?

అప్పుల నిబంధనలు కూడా మారాయి. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి గ్రాడ్ ప్లస్ లోన్ (కేంద్ర ప్రభుత్వం మొత్తం ఖర్చుకు సరిపడా ఇచ్చే అప్పు) లేదు. మెడికల్ విద్యార్థులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షల డాలర్లు దాటదు. అంతకు ముందు ఎంత ఫీజైనా ఫెడరల్ అప్పుతో నడిచిపోయేది. ఇప్పుడు మిగతాది ప్రైవేటు బ్యాంకు నుంచో, ఇంటి నుంచో తేవాలి. కాబట్టి ఖరీదైన కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఆ తేడా ఎవరు కడతారో తేల్చుకోండి.

ఇదే లెక్క కొన్నిచోట్ల పూర్తిగా తిరగబడుతుంది. న్యూయార్క్‌లో ఎన్‌వైయూ 2018లో, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 2024లో ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి. జాన్స్ హాప్‌కిన్స్‌లో ఏటా మూడు లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు 2024 నుంచి ట్యూషన్ లేదు. క్లీవ్‌లాండ్ క్లినిక్ లెర్నర్ కాలేజీలో అందరికీ పూర్తి ట్యూషన్ స్కాలర్‌షిప్, కాకపోతే కోర్సు అయిదేళ్లు. ఇలాంటి చోటు నుంచి పిలుపొస్తే అవకాశం పది శాతమే అయినా వెళ్లండి. రెండు లక్షలు మిగిలే అవకాశం పది శాతం అంటే లెక్క ప్రకారం ఇరవై వేలు, టికెట్ దాని ముందు ఏపాటి?

రెండో సీటు చేతిలో ఉంటే ఇంకొక లాభం కూడా ఉంది. మార్చి, ఏప్రిల్‌లో స్కాలర్‌షిప్ ఉత్తరాలు వచ్చాక, సమాన స్థాయి కాలేజీ ఇచ్చిన ఆఫర్ చూపిస్తే కొన్ని కాలేజీలు తమది పెంచుతాయి. పెంచుతాయని నమ్మి టికెట్ కొనకండి. రెండు కాలేజీలూ మీకు సమానంగా నచ్చి ఊగిసలాడుతున్నప్పుడు మాత్రం దీన్నీ తూకంలో వేసుకోండి.

ఒక ట్రిప్పుకి నిజంగా ఎంత అవుతుంది?

అందరూ టికెట్, హోటల్ కలిపి 500 అనుకుంటారు. ఉదాహరణకు రెండు రోజుల ట్రిప్: విమానం 340, ఒక రాత్రి హోటల్ పన్నులతో 170, ఎయిర్‌పోర్ట్ నుంచి, కాలేజీకి, తిరిగి ఎయిర్‌పోర్ట్‌కి ఊబర్ 90, భోజనం 45, మీ ఊళ్లో ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ 40. ఇప్పటికి 685. డిగ్రీకీ మెడికల్ స్కూలుకీ మధ్య గ్యాప్ ఇయర్‌లో డాక్టరు పక్కన నోట్స్ రాసే స్క్రైబ్‌గానో ల్యాబ్‌లోనో పనిచేస్తుంటే రెండు రోజుల జీతం పోతుంది, అది 250 అనుకుంటే 935. సూట్ డ్రై క్లీనింగ్ సంగతి సరేసరి.

పెద్ద క్యాంపస్ ఉన్న చిన్న ఊళ్లో టికెట్ ధర రెట్టింపవుతుంది, చుట్టుపక్కల హోటళ్లు దొరకవు. డల్లాస్ నుంచి షికాగో పోవడం కంటే ఒక చిన్న యూనివర్సిటీ ఊరికి పోవడమే ఖరీదని టికెట్ వెతికితే గానీ తెలియదు. కాబట్టి నిర్ణయానికి ముందే ధర చూడండి.

ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చు?

ఇంటర్వ్యూ తేదీ ఖాయం కాకముందు బేసిక్ ఎకానమీ (అన్నిటికంటే చవక టికెట్) కొనకండి. ముప్పై డాలర్లు ఎక్కువైనా దాని పై మెట్టు, మెయిన్ క్యాబిన్ తీసుకోండి. అమెరికన్, డెల్టా, యునైటెడ్‌లలో దేశంలోపల తిరిగే ఆ టికెట్లకు తేదీ మార్పు రుసుం ఉండదు, కొత్త టికెట్ ధరలో తేడా మాత్రమే కడతారు. ఏడు రోజులకు మించి ముందుగా ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే 24 గంటల్లోపు రద్దు చేసుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. మూడో పార్టీ సైట్లలో పదిహేను డాలర్లు మిగులుతాయని కొని, మంచు పడినరోజు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక నిలబడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

అమ్మానాన్నల దగ్గర మైల్స్ (ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) ఉంటే మీ ఖాతాకు బదిలీ చేయించుకోకండి, దానికి డబ్బు కట్టాలి. వాళ్ల ఖాతాలోంచే మీ పేరున టికెట్ తీయవచ్చు. పేరు దగ్గర మన తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఒక చోట, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకో చోట పడి ఉంటుంది. ఎయిర్‌పోర్ట్‌లో ఏ కార్డు చూపిస్తారో దాని మీద ఉన్నట్టే, అదే వరుసలో టికెట్ మీద ఉండాలి. 2025 మే నుంచి రియల్ ఐడీ గుర్తు (విమానం ఎక్కడానికి ఫెడరల్ నియమం కోరే ముద్ర) లేని లైసెన్స్‌తో ఇబ్బందే. పాస్‌పోర్ట్ ఉంటే, ఇండియాదైనా సరే, చెల్లుతుంది.

అద్దె కారు చవకనుకుంటారు. 25 ఏళ్లలోపు వారికి రోజుకు ఇంతని అదనంగా వేస్తారు, పార్కింగ్ కూడా కలిపితే ఊబర్ కంటే ఎక్కువవుతుంది. బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ మధ్య అయితే విమానం మానేసి ఆమ్‌ట్రాక్ రైలో బస్సో చూసుకోండి.

ఏఏఎంసీ ఫీజు సహాయ పథకానికి అర్హత ఉంటే 20 కాలేజీల దాకా అప్లికేషన్ ఫీజు మాఫీ. ప్రయాణానికి మాత్రం ఆ పథకం ఏమీ ఇవ్వదు.

చుట్టాలింట్లో దిగితే హోటల్ డబ్బు మిగులుతుంది కదా?

మిగులుతుంది, ఇల్లు కాలేజీకి అరగంటలోపు ఉంటే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పెదనాన్నగారి ఇంట్లో దిగి మన్‌హట్టన్‌లో ఉదయం ఎనిమిదింటికి ఇంటర్వ్యూ పెట్టుకుంటే తెల్లవారుజామున అయిదింటికే లేవాలి. ఇక పెద్దమ్మగారు రాత్రి పదకొండింటిదాకా ఊరి కబుర్లు చెబుతూ మూడోసారి పెరుగన్నం కలిపిస్తే నిద్ర సంగతి చెప్పక్కర్లేదు. ఇంటర్వ్యూ ముందు రాత్రి హోటల్లో ఉండి, అయిపోయాక చుట్టాలింటికి వెళ్లండి. వాళ్లూ సంతోషిస్తారు.

నాన్నగారు తోడు వస్తానంటున్నారు.

ఇంటర్వ్యూ రోజు లోపలికి రానివ్వరు, ఖర్చు మాత్రం రెట్టింపు. ఆ డబ్బు సీటొచ్చాక ఊరు చూడటానికి దాచండి.

ఒకే ట్రిప్పులో రెండు కాలేజీలు కుదురుతాయా?

షికాగోలో, దాని చుట్టుపక్కల నార్త్‌వెస్టర్న్, రష్, యూఐసీ, లయోలా, రోజలిండ్ ఫ్రాంక్లిన్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో పెన్, జెఫర్సన్, టెంపుల్, డ్రెక్సెల్, డీఓ కోర్సుకి పీకామ్ ఉన్నాయి. ఒకచోటు నుంచి పిలుపొచ్చాక, అదే ఊళ్లో మీరు అప్లై చేసిన మిగతావాటికి చిన్న ఈమెయిల్ రాయండి: ఫలానా తేదీల్లో మీ ఊళ్లో ఉంటాను, నా అప్లికేషన్ పరిశీలనలో ఉంటే ఆ వారంలో ఇంటర్వ్యూకి వీలుందా అని. నాలుగు వాక్యాలు చాలు. ఏ కాలేజీకి వెళ్తున్నారో రాయక్కర్లేదు. చాలాసార్లు జవాబు రాదు, వచ్చినప్పుడు మాత్రం ఒక టికెట్ మిగులుతుంది. ఇప్పటికే రెండుచోట్ల నుంచీ పిలుపు ఉంటే తేదీ దగ్గరకు జరపమని అడగడం మరీ తేలిక.

ఆన్‌లైన్‌లో చేయమని అడగొచ్చా?

2020 తర్వాత చాలా కాలేజీలు వీడియో ఇంటర్వ్యూలకే మారి అక్కడే ఉండిపోయాయి, కొన్ని తిరిగి రమ్మంటున్నాయి, కొన్ని రెండిట్లో ఏదైనా సరే అంటున్నాయి. రెండూ ఇచ్చి "తేడా చూపించం" అని రాసి ఉంటే వీడియోనే తీసుకోండి. రమ్మన్న చోట, ఖర్చు కారణం చెప్పి ఒక్కసారి అడగొచ్చు. కుదరదంటే అక్కడితో వదిలేయండి. ఎండీ-పీహెచ్‌డీ ఇంటర్వ్యూ అయితే హోటల్, కొన్నిసార్లు విమానం ఖర్చు కూడా ప్రోగ్రామే పెట్టుకుంటుంది. కొనే ముందు అడగండి.

టెక్సస్‌లో ఉంటాం. అక్కడి పద్ధతి వేరంటారు.

వేరే. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు టీఎండీఎస్ఏఎస్ అనే ఉమ్మడి అప్లికేషన్ వ్యవస్థ ద్వారా తీసుకుంటాయి, పదింట తొమ్మిది సీట్లు రాష్ట్రంవాళ్లకే. అక్టోబర్ మధ్య నుంచి ప్రీ-మ్యాచ్ ఆఫర్లు (మ్యాచ్ కంటే ముందే కాలేజీలు నేరుగా ఇచ్చే సీట్లు) వస్తాయి. తర్వాత మీరు ఇంటర్వ్యూ ఇచ్చిన కాలేజీలను ఇష్టం వచ్చిన వరుసలో పెడితే ఫిబ్రవరి ప్రాంతంలో మ్యాచ్ (మీ వరుసనూ కాలేజీల వరుసనూ జతచేసి సీట్లు తేల్చడం) జరుగుతుంది. కాబట్టి ఇక్కడ లెక్క సులభం: ప్రీ-మ్యాచ్ సీటు చేతిలో ఉంటే, దానికంటే పైన పెట్టే కాలేజీకే వెళ్లండి. కింద పెట్టేదానికి ఫ్రిస్కో నుంచి లబ్బక్ దాకా అయిదు గంటలకు పైగా డ్రైవ్ చేయడం ఎందుకు? ప్రీ-మ్యాచ్ లేకపోతే ఎల్ పాసో అయినా సరే, పిలిచిన ప్రతి చోటికీ వెళ్లండి.

హెచ్4 మీద ఉన్నాను, త్వరలో ఎఫ్1కి మారతాను. నాకు ఏం తేడా?

చాలా తేడా. హెచ్4 తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడినది, 21 నిండితే పోతుంది; ఎఫ్1 విద్యార్థి వీసా. గ్రీన్ కార్డ్ లేనివాళ్లను తీసుకునే కాలేజీలే తక్కువ, తీసుకున్నా ఫెడరల్ అప్పు రాదు. ప్రైవేటు అప్పుకు మామూలుగా సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ ఉన్న హామీదారు కావాలి. కొన్ని కాలేజీలు ఒకటి నుంచి నాలుగేళ్ల ఫీజు ముందే ఎస్క్రోలో (మూడో పక్షం దగ్గర డబ్బు ఉంచే ఖాతాలో) చూపించమంటాయి. టికెట్ కొనే ముందు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: చేరే రోజుకు ఈ వీసా ఉంటే చేర్చుకుంటారా, ఎన్నేళ్ల ఫీజు ముందు చూపించాలి, మీ కాలేజీ స్కాలర్‌షిప్‌కు నేను అర్హుణ్ణేనా? పిలిచారు కాబట్టి అన్నీ చూసే ఉంటారని అనుకోకండి.

డీఓ కాలేజీకి డిపాజిట్ కట్టేశాను. ఇప్పుడు ఎండీ ఇంటర్వ్యూ వచ్చింది.

డీఓ డిపాజిట్లు వెయ్యి నుంచి మూడు వేల డాలర్ల దాకా ఉంటాయి, తిరిగి రావు. ఆ డబ్బు పోయినట్టే లెక్క. "ఇంత కట్టాక మళ్లీ ఖర్చా" అనుకోవద్దు, ఇకముందు పెట్టేదే చూడండి. ఎండీ సీటొస్తే మారతారా? మారతారంటే వెళ్లండి. 2020 నుంచి రెండు డిగ్రీలవాళ్లకూ రెసిడెన్సీ మ్యాచ్ (శిక్షణ సీట్ల కేటాయింపు) ఒక్కటే. అయినా న్యూరోసర్జరీ, డెర్మటాలజీ లాంటివి మనసులో ఉన్నవాళ్లకు ఇప్పటికీ ఎండీ దారే సులువు. ఫ్యామిలీ మెడిసిన్ చేయాలని నిశ్చయించుకుని, డీఓ కాలేజీ ఇంటికి దగ్గరగా ఉంటే ఆగిపోవడంలో తప్పు లేదు.

వెళ్లకూడదని నిర్ణయించుకున్నాను. ఎలా చెప్పాలి?

నిర్ణయించుకున్న రోజే, వీలైతే రెండు వారాల ముందే, పోర్టల్‌లో రద్దు చేసి రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి. ఆ స్లాట్ ఇంకొకరికి వెళ్తుంది. కారణం చెప్పక్కర్లేదు. చెప్పకుండా రాకపోవడం ఒక్కటే క్షమించరానిది. వచ్చే ఏడాది మళ్లీ అప్లై చేయాల్సి వస్తే ఆ కాలేజీ ఫైల్లో అది కనిపిస్తుంది.

జనవరిలో మంచు తుఫానుతో విమానం రద్దయితే?

ముందు అడ్మిషన్స్ ఆఫీసుకు ఫోన్, తర్వాతే ఎయిర్‌లైన్‌కి. వేరే తేదీ ఇస్తారు, లేదా ఆరోజే వీడియోలో చేస్తారు. ఎయిర్‌లైన్ రద్దు చేసిన విమానంలో మీరు వెళ్లకూడదనుకుంటే, వాపసు లేని టికెట్‌కైనా డబ్బు తిరిగివ్వాలి. వోచర్ అంటే ఒప్పుకోనక్కర్లేదు. బఫలో, క్లీవ్‌లాండ్, షికాగో వైపు చలికాలంలో వెళ్లేటప్పుడు ముందురోజు చివరి విమానం కాకుండా మధ్యాహ్నానిది తీసుకోండి. సూట్, బూట్లు చెక్-ఇన్ సంచిలో వేయకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి.